కృత్రిమ కిడ్నీ వార్తల్లో దారం మాట ఎక్కడా ఉండదు

సంపాదకుడు గారికి నమస్కారం.

"కృత్రిమ కిడ్నీ వచ్చేస్తోంది, ఇక డయాలసిస్‌కు సెలవు" అనే తరహా వార్త ఏదో ఒక పేపర్లో కనపడుతూనే ఉంటుంది. మర్నాటికల్లా అది వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి డయాలసిస్ బెడ్ మీద ఉన్నవాళ్ల ఫోన్లలోకి చేరిపోతుంది. మా బావ కొన్నేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ నాకు పంపించి "బామ్మర్దీ, నువ్వు చదివింది ఇదే కదా, మనదాకా ఎప్పుడొస్తది?" అని అడుగుతారు. నేను హనుమకొండలో కెమికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్తాను, అంతకుముందు ఒక ల్యాబ్‌లో పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) బోలు దారాలు తీసే పనిలో ఉన్నాను. ఆయనకు నేను ఉన్నదున్నట్టే చెప్తాను: ఇంకా చాలా ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా డయాలసిస్ మానొద్దు, దాతల అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోండి అని. కానీ ఆ పని ఎక్కడ ఇరుక్కుని ఉందో మాత్రం ఏ వార్తలోనూ రాదు. కణాల గురించి రాస్తారు, చిప్ గురించి రాస్తారు, అరచేతిలో పట్టేంత ఉంటుందని రాస్తారు, రక్తం దేనిలోంచి పారాలో ఆ దారం గురించి ఒక్క లైను ఉండదు. ఆ దారాన్ని వరంగల్‌లో ఎందుకు తీయకూడదు అని అడగడానికే ఈ ఉత్తరం.

డయాలసిస్ సెంటర్‌కు వెళ్లినవాళ్లంతా చూసే ఉంటారు, మిషన్ పక్కన అడుగు పొడవున ఒక ప్లాస్టిక్ గొట్టం నిలువుగా బిగించి ఉంటుంది, పేషెంట్లు దాన్ని ఫిల్టర్ అంటారు. దాని లోపల పదివేలకు అటూఇటూగా సన్నటి దారాలు ఉంటాయి. ఒక్కో దారం లోపల బోలు, ఆ బోలు వ్యాసం 200 మైక్రాన్ల దగ్గర, గోడ మందం 40 మైక్రాన్ల దగ్గర. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. రక్తం దారాల లోపలి నుంచి, డయాలసిస్ ద్రవం దారాల బయటి నుంచి ఎదురెదురుగా పోతాయి, నాలుగు గంటలకు ఒక్క మనిషికే ఆ ద్రవం 120 లీటర్ల దాకా ఖర్చవుతుంది. యూరియా, క్రియాటినిన్, పొటాషియం లాంటి చిన్నవి గోడలోని రంధ్రాల్లోంచి బయటికి పోతాయి, రక్తకణాలూ ప్రొటీన్లూ లోపలే ఉండిపోతాయి. మిషన్ రక్తాన్ని కడుగుతుందని అందరూ అనుకుంటారు గానీ, మిషన్ చూసుకునేది పంపు, వేడి, ఒత్తిడి, అలారం. కడిగే పని మొత్తం దారానిదే.

మరి ఇంత కడిగినా దురదలు, నీరసం, గుండె జబ్బులు ఎందుకు పోవడం లేదు? కిడ్నీలు వారంలో 168 గంటలూ చేసే పనిని మనం 12 గంటల్లో, చాలామందికి 8 గంటల్లోనే ముగిస్తున్నాం, అది మొదటి కారణం. ఇంకో పెద్ద కారణం ఇండాక్సిల్ సల్ఫేట్, పారా క్రెసిల్ సల్ఫేట్ లాంటి విషాలు. తిన్న ప్రొటీన్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా విరగ్గొట్టినప్పుడు వచ్చే పదార్థాల నుంచి ఇవి మన శరీరంలోనే తయారవుతాయి. చిన్న అణువులే, యూరియా అణుభారం 60 అయితే ఇండాక్సిల్ సల్ఫేట్‌ది 213 దగ్గర ఉంటుంది, ఆ లెక్కన ఫిల్టర్ రంధ్రంలోంచి సులువుగా పోవాలి. పోవు. ఎందుకంటే రక్తంలో ఇవి 90 శాతానికి పైగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఉంటాయి, దాని అణుభారం 66 వేల పైన, దాన్ని బయటికి వదిలితే మనిషి దెబ్బతింటాడు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలో సన్న నాళాల గోడలకు ఉన్న కణాలు ఈ విషాలను ఆల్బుమిన్ దగ్గర నుంచి లాక్కుని మూత్రంలోకి నెట్టేస్తాయి. మన ఫిల్టర్ దారానికి జల్లించడం ఒక్కటే వచ్చు.

ఇక్కడే పొరల దారం మాట వస్తుంది. నెదర్లాండ్స్‌లో ట్వెంటె విశ్వవిద్యాలయంలోని స్టమటియాలిస్ బృందం 2013లో రెండు పొరల బోలు దారం గురించి ప్రచురించింది. లోపలి పొర పాలీఈథర్‌సల్ఫోన్, నునుపుగా ఉంటుంది, రక్తం తగిలేది దానికే. బయటి పొరలో అదే పాలిమర్ ఉంటుంది గానీ దాని నిండా యాక్టివేటెడ్ కార్బన్ పొడి, అంటే విషాలను పట్టుకునే బొగ్గు పొడి, ఇరికించి ఉంటుంది. ఆల్బుమిన్‌ను వదిలి విడిగా తిరిగే కొద్దిపాటి విషం లోపలి పొర దాటి రాగానే కార్బన్ దాన్ని పట్టేసుకుంటుంది, రక్తంలో విడి విషం తగ్గుతుంది, తగ్గిన కొద్దీ ఆల్బుమిన్ ఇంకాస్త వదులుతుంది, అది కూడా వచ్చి కార్బన్‌లో చిక్కుకుంటుంది. కార్బన్ రక్తానికి నేరుగా తగలదు, నేరుగా తగిలితే రక్తకణాలకు హాని జరిగే ప్రమాదం ఉంది, పాతకాలపు బొగ్గు ఫిల్టర్లతో వచ్చిన తంటా అదే. అదే బృందం తర్వాత ఇంకో సంగతి కూడా చూపించింది, బయటి నుంచి వచ్చే డయాలసిస్ ద్రవంలో బ్యాక్టీరియా విషాలు ఉంటే వాటిని కూడా ఈ కార్బన్ పొర ఆపుతుంది. నీటి నాణ్యత మీద ప్రతి సెంటర్‌లోనూ టెన్షన్ ఉండే మనలాంటి చోట దీని విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

దారం ఎలా తీస్తారో కాస్త వివరంగా రాస్తాను, దయచేసి ఎడిటింగ్‌లో కోసేయకండి, ఎందుకంటే ఇది చదివితేనే మనకూ ఈ పనికీ ఉన్న సంబంధం అర్థమవుతుంది.

పాలిమర్ గింజలను ఎన్ఎంపీ అనే సాల్వెంట్‌లో (కరిగించే ద్రవంలో) కరిగిస్తారు, పాలిమర్ 15 శాతం దగ్గర ఉంటుంది, దారం నీళ్లను పీల్చుకునేలా ఉండడానికి పీవీపీ అనే ఇంకో పాలిమర్ కూడా వేస్తారు. ఈ జిగట ద్రావణాన్ని ల్యాబుల్లో డోప్ అంటారు. కరిగాక దాన్ని కదపకుండా గంటల తరబడి వదిలేయాలి, లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా దారంలో అక్కడ కన్నం పడుతుంది, కన్నం పడితే రక్తం కారుతుంది. కార్బన్ కలిపిన రెండో డోప్ ఇంకా కష్టం. పొడి గడ్డ కట్టకూడదు, అడుక్కు దిగకూడదు, రవ్వ పెద్దదైతే స్పిన్నరెట్ దారిలో అడ్డం పడుతుంది. స్పిన్నరెట్ అంటే చిన్న స్టీలు మూతి, అందులో ఒకదాని చుట్టూ ఒకటిగా మూడు దారులుంటాయి. నట్టనడుమ నుంచి నీళ్లో, నీళ్లూ సాల్వెంటూ కలిపినదో వస్తుంది, బోలు ఏర్పడేది దానివల్లే. దాని చుట్టూ లోపలి పొర డోప్, దాని చుట్టూ కార్బన్ డోప్. మూడింటికీ మూడు పంపులు, మూడూ ఒక్క క్షణం కూడా తడబడకుండా నడవాలి. మూతి నుంచి వచ్చింది కొన్ని సెంటీమీటర్లు గాలిలో జారి నీళ్ల తొట్టిలో పడుతుంది. నీళ్లు తగలగానే సాల్వెంట్ నీళ్లలోకి పోతుంది, నీళ్లు పాలిమర్‌లోకి చొరబడతాయి, పాలిమర్ రంధ్రాలతో సహా గట్టిపడి దారమైపోతుంది. ఇదంతా చాలా తక్కువ సమయంలో జరిగిపోతుంది, రంధ్రాల సైజు, గోడ నునుపు, బలం, అన్నీ అక్కడే తేలిపోతాయి, తర్వాత సరిచేసే వీలు పెద్దగా ఉండదు.

నడుమ నుంచి వచ్చే ద్రవంలో నీళ్లు ఎక్కువైతే లోపలి గోడ గబుక్కున గట్టిపడి రంధ్రాలు సన్నగా వస్తాయి, సాల్వెంట్ పెంచితే నిదానంగా గట్టిపడి పెద్దవి వస్తాయి. గాలిలో జారే దూరం, తొట్టి నీళ్ల వేడి, చుట్టుకునే వేగం, ఆఖరికి గదిలోని తేమ కూడా దారాన్ని మార్చేస్తుంది, గది అదుపులో లేకపోతే మన మే నెల ఎండలో ఒక దారం, ఆగస్టు ముసురులో ఇంకో దారం వస్తుంది. రెండు పొరలు వేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. రెండూ ఒకే తీరుగా ముడుచుకోవాలి. జాకెట్ కుట్టేటప్పుడు లైనింగ్‌ను ముందే తడిపి ఆరేయకపోతే మొదటి ఉతుక్కే లైనింగ్ గుంజుకుని పైబట్ట ముడతలు పడుతుంది కదా, ఇక్కడ కూడా అంతే, ఒక పొర ఎక్కువ గుంజుకుంటే రెండూ విడిపోతాయి, నడుమ సందు పడుతుంది, ఆ దారం పనికిరాదు. అందుకే రెండు పొరలకూ ఒకే పాలిమర్, ఒకే సాల్వెంట్ వాడాలని చూస్తారు, సరిహద్దు దగ్గర రెండు డోప్‌లూ ఒకదాంట్లో ఒకటి కాస్త కలిసిపోయి గట్టిపడేలా పంపుల వేగాలు పెట్టుకుంటారు. ఇదంతా అయ్యాక సాల్వెంట్ మిగలకుండా రోజుల తరబడి కడగాలి, ఆరినప్పుడు రంధ్రాలు మూసుకుపోకుండా గ్లిజరిన్ పట్టించాలి, కట్ట కట్టి రెండు చివర్లా పాలీయురిథేన్ పోసి బిగించి కోయాలి, ఒక్కో కట్టకూ లీకు పరీక్ష చేయాలి.

నీళ్లలో ముంచి పొరను గట్టిపరిచే ఈ పద్ధతితో గట్టి ఫలితం చూపించిన ఇద్దరిలో ఒకరు మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్. 1960 ప్రాంతంలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్‌తో కలిసి ఉప్పునీటిని మంచినీరు చేసే పొర కోసం ఆయన ఈ పని చేశారు. ఈరోజు మన ఊళ్లలో కనపడే ఆర్‌వో ప్లాంట్లూ, డయాలసిస్ సెంటర్ వెనక గదిలో ఉండే ఆర్‌వో ప్లాంటూ ఆ పని నుంచి వచ్చినవే.

ఇక బయో ఆర్టిఫిషియల్ కిడ్నీ అంటే, అదే దారం మీద బతికున్న కిడ్నీ కణాలను పెంచడం. అప్పుడు కార్బన్ చేసే పనిని కణాలు చేస్తాయి, ఆల్బుమిన్ దగ్గర నుంచి విషాన్ని లాక్కుని అవతలికి నెడతాయి, అదీ అలసిపోకుండా, కార్బన్‌లా నిండిపోకుండా. నెదర్లాండ్స్ వాళ్లు వాడిన కణాల్లో ఒక రకం ఆరోగ్యవంతుడి మూత్రంలో దొరికిన కణాల నుంచి పెంచినవి. కానీ మామూలు డయాలసిస్ దారం మీద కణాలు అతుక్కోవు, ఏదీ అతుక్కోకుండా ఉండాలనే కదా దాన్ని చేసింది. కాబట్టి జిగురులా పనిచేసే ఎల్-డోపా అనే పదార్థం పూత, దానిమీద కొలాజెన్ అనే ప్రొటీన్ పూత వేస్తారు. రక్తం ఒకవైపు, కణాలు ఇంకోవైపు ఉండాలి, రక్తం తగిలే ముఖం ఏదీ అంటనివ్వకూడదు, కణాలు ఉండే ముఖం వాటిని పట్టి ఉంచాలి, నడుమ గోడ ఆక్సిజన్‌ను, విషాలను పోనిస్తూ, మన రోగనిరోధక కణాలు అవతలికి వెళ్లి ఆ కణాలను చంపకుండా, ఆ కణాలు ఇవతలికి వచ్చి రక్తంలో కలవకుండా ఆపాలి. ఒకే పొరతో ఇన్ని పనులు కావు. పొరల దారం అవసరం ఇక్కడ ఇంకా ఎక్కువ. లివర్ కణాల విషయంలో ఆక్సిజన్ ఇంకా పెద్ద సమస్య, అవి చాలా ఎక్కువ తాగేస్తాయి, దారానికి కాస్త దూరమైనా చచ్చిపోతాయి.

మనుషుల మీద ప్రయత్నాలు జరగలేదని కాదు. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హ్యూమ్స్ బోలు దారాల లోపల కిడ్నీ కణాలను పెంచి తయారుచేసిన పరికరాన్ని ఐసీయూల్లో ఉన్న రోగుల మీద వాడారు, 58 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2008లో వచ్చాయి, 28 రోజుల నాటికి మరణాలు మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో 61 శాతం ఉంటే దీనిమీద ఉన్నవాళ్లలో 33 శాతం. చిన్న ట్రయల్, ఆశ పుట్టించే ఫలితం. ఆ తర్వాతి ట్రయల్ ముందుకు పోలేదు, కణాలతో నింపిన ఆ పరికరాలను తయారుచేసి అందించడంలోనే ఇబ్బందులు వచ్చాయి. లివర్ కోసం చేసిన ఇలాంటి పరికరం మీద 2018లో ముగిసిన పెద్ద ట్రయల్ ప్రాణాలు నిలపడంలో తేడా చూపించలేకపోయింది. ఇప్పటిదాకా ఏ దేశంలోనూ కణాలున్న కృత్రిమ కిడ్నీ ఆసుపత్రుల్లో మామూలు వాడకంలోకి రాలేదు. మీ రిపోర్టర్లు ఇలాంటి వార్త రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం చివర్లోనైనా చేర్చండి, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి తెల్లారగట్ల బస్సెక్కి వచ్చే మనిషి రేపో ఎల్లుండో వస్తుందనుకుని ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన వాయిదా వేసుకోకుండా ఉంటాడు.

ఇప్పుడు వరంగల్ సంగతి. ఇది దారం తీసే పని. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడినా, అందులో స్పిన్నింగ్‌లో చేసినవాళ్ల పిల్లలం ఇంకా ఈ ఊళ్లో ఉన్నాం, మా నాన్న కూడా అందులో చేసినవారే. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్ ఉంది. నిట్, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959లో మొదలైనవే, ఒకచోట కెమికల్ ఇంజినీరింగ్ శాఖ ఉంది, ఇంకోచోట ఎంజీఎం ఆసుపత్రి, దాని పేషెంట్లు, డాక్టర్లు ఉన్నారు, నడుమ దూరం ఆటోలో పోయేంత. కేంద్రం 2020లో 1,480 కోట్లతో పెట్టిన జాతీయ టెక్నికల్ టెక్స్‌టైల్స్ మిషన్ పరిధిలో వైద్యానికి వాడే ఫైబర్లను కూడా చేర్చారు. హైదరాబాద్ తార్నాకలో ఐఐసీటీ అనే కేంద్ర రసాయన పరిశోధన సంస్థలో మెంబ్రేన్ల (వడపోత పొరల) మీద ఏళ్లుగా పనిచేసిన బృందం ఉంది, ఐఐటీ బొంబాయి, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో డయాలసిస్ దారం తీసే పని జరిగింది. ఇక్కడ లేనిదల్లా ఒక చిన్న పైలట్ స్పిన్నింగ్ లైను, దాన్ని పొద్దంతా నడిపే నలుగురైదుగురు మనుషులు.

"ముందు ఉన్న డయాలసిస్ సరిగ్గా అందించండి, తర్వాత ఈ గొప్పలు" అని అనేవాళ్లుంటారు, వాళ్ల మాటను నేను కొట్టిపారేయను. బెడ్లు చాలడం లేదు, ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపే ఆపరేషన్) సమయానికి వేయించుకోక మెడలో పైపుతో ఇన్ఫెక్షన్ తెచ్చుకునేవాళ్లున్నారు, అవి ముందు చూడాల్సినవే. కానీ ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. పైలట్ లైను మొదట తీయాల్సింది మామూలు ఒకే పొర డయాలసిస్ దారం. లెక్క చూడండి, ఫిల్టర్‌లో పదివేల దారాలు, ఒక్కోటి పావు మీటరు అనుకుంటే రెండున్నర కిలోమీటర్లు, వారానికి మూడు చొప్పున ఏడాదికి 156 ఫిల్టర్లు, ప్రతిసారీ కొత్తది వాడితే ఒక్క పేషెంట్‌కు ఏడాదికి దాదాపు 400 కిలోమీటర్ల దారం, ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు పోయి తిరిగొచ్చినా ఇంకా మిగిలేంత. ఇది ప్రతి పేషెంట్‌కూ, ప్రతి ఏడాదీ కావాల్సిందే. ఆ డబ్బాల మీద మనకు కనపడేవి ఎక్కువగా జర్మనీ, జపాన్ కంపెనీల పేర్లే. ఒకే పొర దారం నమ్మకంగా తీయడం వచ్చిన చేతులకు రెండో పొర వేయడం వస్తుంది, రెండో పొర వచ్చాకే కణాల మాట.

పరీక్షించడానికి కూడా మన దగ్గర వనరు ఉంది, ఎవరూ ఆలోచించడం లేదు. ప్రతి డయాలసిస్ సెంటర్ నుంచి రోజూ వందల లీటర్ల వాడిన ద్రవం డ్రైనేజీలోకి పోతోంది, అందులో నిజమైన పేషెంట్ల నిజమైన విషాలు ఉన్నాయి. ఎథిక్స్ కమిటీ అనుమతితో, పేషెంట్ల ఒప్పుకోలుతో, పేర్లు లేకుండా దాన్ని తీసుకుని కొత్త దారం ఎంత పట్టుకుంటుందో చూడొచ్చు. ఆల్బుమిన్ సంగతి తేల్చడానికి ప్లాస్మా కావాలి, రక్తనిధుల్లో గడువు తీరి పారేసే ప్లాస్మా అడగొచ్చు. మనిషికి తగిలించే దశ చాలా దూరం, దానికి దేశస్థాయి అనుమతులు కావాలి, ఆ దశకు చేరేలోపు చేయాల్సిన పని ఇక్కడే ఏళ్లకు సరిపడా ఉంది.

ఒక్క హెచ్చరిక కూడా ఇప్పుడే చెప్పాలి. ఎన్ఎంపీ మంచి సాల్వెంటే గానీ గర్భంలోని పిల్లలకు హాని చేసే గుణం దానికి ఉంది, దారం కడిగిన నీళ్లన్నిటిలో అది ఉంటుంది. లైను పెట్టేరోజే ఆ నీళ్లలోంచి సాల్వెంట్‌ను తిరిగి రాబట్టే ఏర్పాటు కూడా పెట్టాలి, "తర్వాత చూద్దాం" అంటే ఆ చుట్టుపక్కల బావుల్లోకి పోతుంది. లైను దగ్గర పనిచేసే ఆడవాళ్లకు, మగవాళ్లకు గ్లవ్స్, గాలి బయటికి లాగే హుడ్‌లు మొదటిరోజు నుంచే ఉండాలి. హాని తక్కువుండే సాల్వెంట్లతో దారం తీయడం మీద ఇప్పుడు చాలాచోట్ల పరిశోధన నడుస్తోంది, మన పిల్లలకు ఎం.టెక్., పీహెచ్‌డీ అంశంగా అదొక్కటే చాలు.

మీరు ఈ ఉత్తరం జిల్లా పేజీలో వేస్తే నిట్ కెమికల్ శాఖ వాళ్లు, కాకతీయ మెడికల్ కాలేజీ కిడ్నీ డాక్టర్లు, టెక్స్‌టైల్ పార్క్ అధికారులు ఏమంటారో కూడా మీ రిపోర్టర్‌ను పంపి అడిగించండి. పైలట్ లైనుకు ఎంత స్థలం, ఎలాంటి పంపులు, ఏ కొలతల స్పిన్నరెట్ కావాలో రాసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను, కాలేజీ లేని రోజుల్లో వచ్చి దారం తీయడం నేర్పించడానికి కూడా.

ఇట్లు,
ఒక కెమికల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
హనుమకొండ